ఎఫ్ గ్రేడు కోసం అర్జీ

టాలివర్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పేరు కొంగలు. ఆ కొంగల్లో నాలుగేళ్ళపాటు అందరికంటే పెద్ద కొంగ రాండెల్ పెట్‌వే. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, మూడువందల పది పౌండ్ల బరువు. బంతి విసిరేవాడికి ఎడమపక్కన నిలబడి, వాడి మీదికి ఎవ్వరూ రాకుండా కాచుకోవడం అతని పని. ఆ పని ఎంత బాగా చేశాడంటే, ఆఖరి ఏడాది జట్టు కప్పు గెలిచింది, ఊరి నడిబొడ్డున ఒక వీధికి కోచ్ పేరు పెట్టారు, రాండెల్‌కి ఎడమ మోకాలు పోయింది. మోకాలు పోయిన వారానికల్లా ప్రొఫెషనల్ జట్ల నుంచి ఫోన్లు రావడం మానేశాయి. చేతిలో మిగిలింది డిగ్రీ.

డిగ్రీ మాత్రం చూడముచ్చటగా ఉంది. మీగడ రంగు దళసరి కాగితం, బంగారు ముద్ర, కింద ముగ్గురు పెద్దమనుషుల సంతకాలు. సమగ్ర అధ్యయనాల్లో పట్టా, అదీ ఆనర్స్‌తో. దేన్ని సమగ్రంగా అధ్యయనం చేశావని ఎవరైనా అడిగితే చెప్పడమే కష్టం.

నిజానికి అతను చేరిన రోజున ఇంజనీరింగ్ అడిగాడు. హైస్కూల్లో ఉండగానే పాత ట్రక్కు ఇంజన్లు విప్పి బిగించేవాడు. ఆటగాళ్ళకి ఏ క్లాసులు వెయ్యాలో చూసే డార్లా క్విల్లెన్ అనే ఆవిడ పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని అందరినీ "బంగారం" అని పిలిచేది. ఇంజనీరింగ్ ల్యాబులు మధ్యాహ్నం రెండింటికి, ప్రాక్టీసు కూడా రెండింటికే, ఇందులో ఆలోచించడానికి ఏముంది బంగారం, అంది. రాండెల్ ఆలోచించలేదు. పద్దెనిమిదేళ్ళవాడు, స్కాలర్‌షిప్పు కోచ్ చేతిలో ఉంది.

అలా అతను 'వినడం: ఒక పరిచయం' అనే క్లాసు చదివాడు. 'మనమూ, వాతావరణమూ' అనే క్లాసులో పదిహేను వారాలపాటు కిటికీలోంచి చూసి వాన పడిందో లేదో రాసి అన్నిటికన్నా పైదైన ఏ గ్రేడు తెచ్చుకున్నాడు. 'మైదానాల సంస్కృతి' క్లాసు పిల్లల్ని స్టేడియానికి తీసుకెళ్ళి కూర్చోబెట్టేది. ఆటగాళ్ళు క్లాసులో ఉన్నారో లేదో చూడటానికి గోల్ఫ్ బండి మీద ఒక మనిషి తిరుగుతుండేవాడు. కిటికీలోంచి తలలు లెక్కపెట్టి కోచ్‌కి కబురు పంపేవాడు. ప్రొఫెసర్ తల ఉందో లేదో చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక లెక్కల క్లాసు. దాని పేరు 'గణిత వివేచన'. అదే పేరుతో, అదే నంబరుతో రెండు క్లాసులు నడిచేవి. ఒకటి మామూలు పిల్లలకి, రెండోది డాక్టర్ క్రేస్ అనే పెద్దాయన దగ్గర ఆటగాళ్ళకి. క్రేస్ క్లాసుకి పరీక్ష ఉండేది కాదు. 'నా జెర్సీ నంబరు, నేను' అనే విషయం మీద రెండు పేజీల వ్యాసం రాస్తే సరిపోయేది. రాండెల్ నంబరు డెబ్బై నాలుగు. రాశాడు. ఏ వచ్చింది.

ఇలాంటి కాగితం చంకన పెట్టుకుని అతను సొంతూరు హాకెట్ కౌంటీకి తిరిగొచ్చి, నీటి శుద్ధి ప్లాంటులో ట్రెయినీ ఉద్యోగానికి దరఖాస్తు చేశాడు. అక్కడ పంపులున్నాయి, మోటార్లున్నాయి, పని అతనికి నచ్చింది. ప్లాంటు పెద్ద లూథర్ గ్రిగ్స్‌బీ అరవై దాటిన మనిషి. కొంగల ఆట ఒక్కటి కూడా వదలకుండా చూసినవాడు. రాండెల్ లోపలికి అడుగుపెట్టగానే లేచి నిలబడి చేయి కలిపాడు. మూడేళ్ళ కిందటి ఆటలో రాండెల్ మీద వేసిన పెనాల్టీ శుద్ధ అన్యాయమని, ఆ రిఫరీకి కళ్ళు కనపడవని పావుగంట మాట్లాడాడు. తర్వాత మార్కుల జాబితా చూశాడు.

"లెక్కల్లో ఏ వచ్చిందే. ఇంకేం మరి. చిన్న లెక్క అడుగుతానోయ్, ఊరికే మాటవరసకి. రోజుకి పది లక్షల గ్యాలన్లు పంపుతున్నాం అనుకో. పది లక్షల పాళ్ళ నీళ్ళకి రెండు పాళ్ళు క్లోరిన్ పడాలి. గ్యాలన్ నీళ్ళు ఎనిమిది పౌండ్ల చిల్లర ఉంటాయి. ఎన్ని పౌండ్ల క్లోరిన్ కలుపుతావ్?"

రాండెల్ కాగితం వంక చూశాడు. పెన్ను వంక చూశాడు. డెబ్బై వేల మంది అరుస్తుంటే చెమట పట్టని మనిషికి ఆ చిన్న గదిలో మెడ వెనక తడిసింది.

"రెండు వందలా, సార్?"

లూథర్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని రాండెల్‌కి తర్వాత చాలాసార్లు అనిపించింది.

"పదహారూ చిల్లర, నాయనా. రెండొందలు కలిపావంటే కౌంటీ మొత్తం ఆస్పత్రి ముందు వరసలో నిలబడుతుంది. అందులో మీ అమ్మ కూడా ఉంటుంది." మార్కుల జాబితా మడిచి తిరిగి ఇచ్చాడు. "పోస్టు వసంతం దాకా ఖాళీగానే ఉంటుంది. నాకు డిగ్రీ అక్కర్లేదు. రాష్ట్రం పెట్టే పరీక్ష పాసవ్వాలి, అందులో సగం ఇలాంటి లెక్కలే. నేర్చుకుని రా."

ఎక్కడ నేర్చుకోవాలి? టాలివర్ స్టేడియం గేటు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి ఉంటుంది: కొంగ ఎప్పటికీ కొంగే, ఆట ముగిశాక ఎప్పుడు తిరిగొచ్చినా చదువు ఉచితం. రాండెల్ ఆ మాట నమ్మి, ముప్పై ఐదు మైళ్ళు ట్రక్కు నడుపుకుంటూ వెళ్ళి రిజిస్ట్రారు కిటికీ ముందు నిలబడ్డాడు. మామూలు పిల్లలు చదివే 'గణిత వివేచన' క్లాసులో చేర్చుకోమన్నాడు.

కిటికీ వెనక ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, మీరు ఆ క్లాసు ఎప్పుడో పూర్తి చేశారు, ఏ వచ్చినవాళ్ళని మళ్ళీ చేర్చుకోవడానికి సిస్టమ్ ఒప్పుకోదు అంది. తనకి లెక్కలు రావని రాండెల్ చెప్పాడు. వచ్చని ఇక్కడ ఉంది అంది ఆ అమ్మాయి. ఇద్దరూ కాసేపు మర్యాదగా వాదించుకున్నారు. చివరికి ఆ అమ్మాయి, గ్రేడు మీద అభ్యంతరం ఉంటే అర్జీ పెట్టుకోవచ్చని ఒక ఫారం ఇచ్చింది. 'మీరు కోరుతున్న గ్రేడు' అని ఒక గడి ఉంది. రాండెల్ అందులో ఎఫ్ అని రాశాడు. 'కారణం' అన్న చోట: నాకేమీ రాదు కాబట్టి.

ఆ ఫారం రెండు రోజుల్లో నాలుగు గదులు తిరిగింది. మొదట అందరూ అది ఎవడో తుంటరి పని అనుకున్నారట. ఆటగాడి సంతకమే అని తేలాక నవ్వులు ఆగిపోయాయి. మూడో రోజు డార్లా క్విల్లెన్ ఫోన్ చేసి భోజనానికి పిలిచింది. ఊరి బార్బెక్యూ హోటల్లో పంది పక్కటెముకల పళ్ళెం అతని ముందుకి జరిపింది.

"తిను బంగారం, చిక్కిపోయావ్. ఏంటీ పని? ఎవరైనా అర్జీ పెడితే బీ గ్రేడుని ఏ చెయ్యమని పెడతారు. నువ్వు కొండ దిగుతానంటావేంటి?"

లెక్కలు నేర్చుకోవాలనుకుంటున్నానని, అంతకుమించి ఇంకేమీ లేదని అతను చెప్పాడు. డార్లా చేతులు తుడుచుకుని గొంతు తగ్గించింది. ఆ ఏ గ్రేడు పోతే మూడు క్రెడిట్లు పోతాయి. మూడు క్రెడిట్లు పోతే డిగ్రీ పోతుంది. అంతటితో ఆగదు. కప్పు గెలిచిన ఏడాది చాలినన్ని క్రెడిట్లు లేక నీకు ఆడే అర్హతే లేదని తేలుతుంది. అర్హత లేనివాడు ఆడిన ఆటలన్నీ రికార్డుల్లోంచి కొట్టేస్తారు. కప్పు వెనక్కిచ్చెయ్యాలి. కప్పు గెలిచినందుకు ఎనభై నాలుగు మంది పిల్లల వేళ్ళకి తొడిగిన ఉంగరాల గురించి ఆలోచించు.

"మరి వాళ్ళకి లెక్కలు వచ్చా మేడమ్?" అని అడిగాడు రాండెల్. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

డార్లా బిల్లు యూనివర్సిటీ ఖాతాలో రాయించి వెళ్ళిపోయింది.

డిగ్రీ పోతుందన్న మాట రాండెల్‌ని పట్టుకుంది. తన కోసం కాదు. వాళ్ళమ్మ ఓర్లీన్ కోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా నిలబడి కోళ్ళు కోస్తోంది. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు తన కొడుకని వరసలో అటు ఇటు నిలబడ్డ ఆడవాళ్ళందరికీ చెప్పింది. వాళ్ళు వినడం మానేసినా చెప్పింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆమె వంటింట్లో చిక్కుళ్ళు వలుస్తుంటే రాండెల్ ఎదురుగా కూర్చుని సంగతంతా చెప్పాడు. సగం చెప్పేసరికే ఆమె చెయ్యి ఆగింది.

"అంటే, గోడ మీద ఉన్నది తీసెయ్యాలంటావ్."

"తీసెయ్యాల్సి రావచ్చమ్మా."

ఓర్లీన్ లేచి పొయ్యి మీద కూర కలిపి వచ్చి కూర్చుంది.

"నీ జెర్సీ వ్యాసం నేను చదివానురా. సెలవులకి వచ్చినప్పుడు నీ బ్యాగులో దొరికింది. రెండు పేజీలు. పైన ఎర్రగా ఏ. ఒక కోడిని కొయ్యడానికి నేను పెట్టేపాటి శ్రద్ధ కూడా అందులో ఎవ్వరూ పెట్టలేదు, రాసిన నువ్వూ పెట్టలేదు, దిద్దినవాడూ పెట్టలేదు. అప్పుడే అడుగుదామనుకున్నా. ఆ వారం నీకు పెద్ద ఆట ఉంది కదా అని ఊరుకున్నా." చిక్కుడు గింజలు గిన్నెలోకి వేసింది. "ఊరుకున్నది తప్పే. వెళ్ళి అడుగు. ఆ కాగితం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నీకు లెక్క రాదని వాళ్ళకి తెలిసీ నిన్ను అలాగే బయటికి పంపించారు చూడు, నా కడుపు మండేది దానికి."

విచారణ అక్టోబరులో ఒక మంగళవారం జరిగింది. పొడవాటి బల్ల, అయిదుగురు ప్రొఫెసర్లు, అథ్లెటిక్స్ విభాగం తరఫున ఒక లాయరు. రాండెల్‌కి వేసిన కుర్చీ అతన్ని మొయ్యలేక కిర్రుమంది. ముందుగా డాక్టర్ క్రేస్ మాట్లాడాడు. పాతికేళ్ళ తన అనుభవంలో సంఖ్యల పట్ల ఇంతటి సున్నితత్వం చూపిన విద్యార్థి మరొకడు తగల్లేదని చెప్పాడు. కమిటీ కోరిక మీద వ్యాసాన్ని బయటికి చదివారు. అధ్యక్షుడే కళ్ళజోడు సవరించుకుని, సంతాప ప్రసంగం చదివినంత గంభీరంగా చదివాడు.

"నా నంబరు డెబ్బై నాలుగు. అందులో ఏడు ఉంది, నాలుగు కూడా ఉంది. రెండూ కలిపితే పదకొండు. మా జట్టులో పదకొండో నంబరు వాడు నాకు మంచి స్నేహితుడు. డెబ్బై నాలుగులో సగం ముప్పై ఆరు. నేను సగం మనసుతో ఎప్పుడూ ఆడను..."

"ముప్పై ఏడు," అన్నాడు రాండెల్.

అధ్యక్షుడు తలెత్తాడు.

"డెబ్బై నాలుగులో సగం ముప్పై ఏడు సార్. నిన్న మళ్ళీ చదువుకుంటుంటే కనపడింది. నేను తప్పు రాశాను. దాని పక్కన ఎవరూ గీత కూడా పెట్టలేదు."

ఒక ప్రొఫెసర్ కాగితం మూలన గబగబా భాగహారం వేసుకుని చూసుకున్నాడు. క్రేస్ దగ్గి, ఆ వ్యాసం కచ్చితత్వం కంటే ఉజ్జాయింపు అనే భావనతో తలపడుతోందని, తాను ఆ ధైర్యానికే మార్కులు వేశానని వివరించాడు. లాయరు, ఒక్క అంకె తేడా అన్నది సహించదగిన పరిధిలోనిదే అన్నాడు. తర్వాత అరగంట సేపు పండితులందరూ కలిసి రాండెల్ ఎంత తెలివైనవాడో రాండెల్‌కి నచ్చజెప్పారు. ఇంత మంది ఇంత పొగడటం అతను కప్పు గెలిచిన రోజున కూడా వినలేదు. తనకేమీ రాదని చెప్పుకోవడానికి వచ్చినవాడు, చివరికి సిగ్గుతో బల్ల వంక చూస్తూ కూర్చున్నాడు.

ఒక ఓటుకి నాలుగు ఓట్లతో కమిటీ తీర్పు చెప్పింది. ఏ గ్రేడు విద్యార్థి కష్టార్జితం, దాన్ని అతని నుంచి లాక్కునే అధికారం ఎవరికీ లేదు, ఆఖరికి అతనికి కూడా లేదు.

ఆ ఒక్క ఓటు హెస్టర్ బ్లాకిస్టన్‌ది. మామూలు పిల్లలకి 'గణిత వివేచన' చెప్పేది ఆమే. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ సుద్దముక్క పొడి అంటిన కోటు వేసుకుని ఉండేది. ఏడాదికో ఒప్పందం మీద పనిచేసే మనిషి. నడవలో రాండెల్ వెనకాలే గబగబా వచ్చింది.

"ఏమయ్యా, పొద్దున్న ఎనిమిదింటికి లేవగలవా?"

"అయిదింటికి లేచి నాలుగేళ్ళు బరువులు ఎత్తాను మేడమ్."

"అయితే సోమవారం వచ్చెయ్. పేరు రాయించుకోనక్కర్లేదు. వెనక వరసలో కుర్చీలు ఖాళీయే. నీకు గ్రేడు ఇవ్వొద్దన్నారు కానీ పాఠం చెప్పొద్దని ఎవరూ అనలేదుగా."

రాండెల్ వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లలు మొదటి వారం అతనితో ఫోటోలు దిగారు, రెండో వారం పక్కన కూర్చున్నారు, మూడో వారం మర్చిపోయారు. మొదటి పరీక్షలో అతనికి వందకి ముప్పై ఒకటి వచ్చాయి. కాగితం నిండా ఎర్ర గీతలే. అంతకు ముందు నాలుగేళ్ళలో తన కాగితం మీద ఎవరూ ఒక్క గీత పెట్టలేదు కాబట్టి, అతను ఆ గీతలన్నీ ట్రక్కులో కూర్చుని ఒక్కొక్కటే చదివాడు. అవమానంగానే ఉంది. కానీ ప్రతి గీత పక్కన చిన్న అక్షరాలతో, ఇక్కడ దారి తప్పావు అని రాసి ఉంది. ఎవరో తన వెనక నడిచి చూశారన్నమాట.

ఒకరోజు క్లాసయ్యాక హెస్టర్ అతని చేత బోర్డు మీద ఆట గీయించింది. ఎదుటివాడు ఎటు నుంచి వస్తే కాలు ఎటు వెయ్యాలో, పక్కవాడు ఎప్పుడు వదిలెయ్యాలో రాండెల్ పావుగంట గీశాడు. ఇలాంటివి ఎన్ని గుర్తున్నాయి అని ఆమె అడిగింది. రెండు వందల పైన ఉంటాయన్నాడు. ఆమె సుద్దముక్క కింద పెట్టేసింది.

"రెండొందల ఎత్తులు, ఒక్కోదానికి నాలుగు మార్పులు, అన్నీ మూడు సెకన్లలో. ఇంత బుర్ర ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి వాన పడిందా అని రాయించారా?" ఆమె గొంతులో జాలి లేదు, మంట ఉంది. "సరే, నిష్పత్తులు మళ్ళీ మొదలెడదాం. తప్పు పోయేదాకా చేద్దాం. నీకు అలవాటేగా."

అలవాటే. ఒకే అడుగు వెయ్యిసార్లు వేసినవాడికి ఒకే లెక్క యాభైసార్లు చెయ్యడం కొత్త కాదు. తల్లి భోజనం బల్ల మీద, ట్రక్కులో, మోకాలి మీద ఐసు పెట్టుకుని కూర్చున్నప్పుడు చేశాడు. ఓర్లీన్ ఎదురుగా కూర్చుని జవాబులు చదివి వినిపించేది. రెండో పరీక్షలో యాభై ఎనిమిది. ఆఖరి పరీక్షలో డెబ్బై ఎనిమిది. హెస్టర్ కాగితం మీద సీ ప్లస్ అని రాసి, కింద సంతకం చేసి ఇచ్చింది. ఆ గ్రేడు ఏ రికార్డులోనూ ఎక్కలేదు. రాండెల్ ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్ళి తల్లికి చూపించాడు. ఆమె నాలుగు పేజీలూ చదివింది, అర్థమైనా కాకపోయినా. "ఇది నువ్వే చేశావా?" అని అడిగి, అతను తలూపితే కళ్ళు తుడుచుకుంది.

రాష్ట్రం పరీక్ష మొదటిసారి రెండు మార్కులతో పోయింది. మార్చిలో మళ్ళీ రాసి నాలుగు మార్కులు ఎక్కువతో గట్టెక్కాడు. లూథర్ మాట తప్పలేదు. ఏప్రిల్ మొదటి తారీకున రాండెల్ ప్లాంటులో చేరాడు. అతనికి సరిపడే యూనిఫారం కోసం మాత్రం మూడు వారాలు పట్టింది.

టాలివర్ స్టేట్ కూడా ఊరుకోలేదు. ఆ వసంతంలోనే నియమావళికి ఒక సవరణ చేసింది: గ్రేడుల మీద అర్జీలు ఇకపై పెంపు కోరుతూ మాత్రమే స్వీకరించబడును. హెస్టర్ బ్లాకిస్టన్ ఒప్పందాన్ని కొనసాగించలేదు. బడ్జెట్ ఇబ్బందులని చెప్పారు. అదే నెలలో స్టేడియానికి కొత్త స్కోరుబోర్డు వచ్చింది. హెస్టర్ పక్క కౌంటీలో ఒక చిన్న కమ్యూనిటీ కాలేజీలో చేరి, ప్లంబర్లకీ, నర్సులకీ, నీటి ప్లాంటు వాళ్ళకీ శనివారం పొద్దున లెక్కలు చెబుతోంది. రాండెల్ ప్లాంటు పనిలో పై మెట్టు లైసెన్సు కోసం అక్కడికే వెళుతున్నాడు.

ఆ వేసవిలో యూనివర్సిటీ పత్రిక వాళ్ళు ప్లాంటుకి వచ్చి, ట్యాంకుల ముందు రాండెల్‌ని నిలబెట్టి ఫోటో తీశారు. పత్రిక వచ్చాక లూథర్ దాన్ని టీ బల్ల మీద పరిచి, కింద రాసింది పైకి చదివాడు: టాలివర్ గణిత తరగతిలో సాధించిన ఏ గ్రేడు, నేడు వేల గొంతులకు శుద్ధజలం.

"నిన్ను ముప్పై ఐదు మైళ్ళు తిప్పించి, చదువు చెప్పం పొమ్మన్నవాళ్ళేనా వీళ్ళు?"

"వాళ్ళే సార్."

రాండెల్ ఆ రోజే సంపాదకుడికి ఉత్తరం రాశాడు. తనకి లెక్కల్లో వచ్చింది సీ ప్లస్ అని, అది ఇచ్చింది హెస్టర్ బ్లాకిస్టన్ అని, ఆమె పేరు వెయ్యమని. స్పెల్లింగు తప్పులు లేకుండా రెండుసార్లు చూసుకున్నాడు. మూడు వారాలకి జవాబుగా ఒక పార్సెలు వచ్చింది. అందులో మీ ఆదరణకు కృతజ్ఞతలు అన్న అచ్చు కార్డు, కొంగ బొమ్మ ఉన్న నీళ్ళ సీసా ఉన్నాయి. పరీక్షకి నీళ్ళ నమూనాలు పట్టడానికి పనికొస్తుందేమోనని లూథర్ దాన్ని కుళాయి కింద పట్టి చూశాడు. మూత దగ్గర కారుతోంది. పక్కన పడేసి, పది గంటలవుతోంది, రీడింగు రాయమన్నాడు. రాండెల్ పెన్ను తీసుకుని క్లోరిన్ గదివైపు వెళ్ళాడు.